120 మంది వేడుకకు రెండు టైర్ల ఫాండెంట్ కేకు: ముక్కలు ఎన్ని వస్తాయి, ధర ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఉప్పల్ వంటిల్లు

అందరికీ నమస్కారం. ఉప్పల్‌లో మా ఇంటి నుంచే ఆర్డర్ల మీద కేకులు చేసి ఇస్తున్నాను. ఇంతవరకు వచ్చినవి ఎక్కువగా అరకేజీ, కేజీ క్రీమ్ కేకులే కాబట్టి, కేజీకి ఇంత అని ఒక ధర పెట్టుకుంటే సరిపోయింది. ఇప్పుడు వచ్చిన ఆర్డరు దగ్గర ఆ పద్ధతి పనికొస్తుందా అన్న అనుమానం కలిగింది.

నాగోల్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో బాబు మొదటి పుట్టినరోజు. సుమారు 120 మంది వస్తారట, అందులో 40 మంది దాకా పిల్లలు. కేకు కోసిన తర్వాత భోజనాలు ఉంటాయి. వారు కోరింది 6 అంగుళాలు, 8 అంగుళాల రెండు టైర్ల కేకు, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు అంతస్తులు. గుడ్లు లేని చాక్లెట్ స్పాంజ్, లోపల గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన ముద్ద), పైన ఫాండెంట్ (పలుచగా ఒత్తి కప్పే చక్కెర ముద్ద), అడవి థీమ్. ఏనుగు, సింహం, జిరాఫీ బొమ్మలు చేత్తో చేయాలి. ఆకులు, గడ్డి, బాబు పేరు కూడా ఉండాలి. "నాలుగు కేజీలు చేయండి, కేజీకి 1,200 చొప్పున ఇస్తాం, బొమ్మలతో కలిపి" అంటున్నారు. బోర్డు, డబ్బా కాకుండా సరుకులకే 2,800 రూపాయలు అవుతాయని లెక్క వేసుకున్నాను. పని మొత్తం కలిపి 15 గంటలకు తగ్గేలా లేదు.

నా సందేహాలు ఇవి. నాలుగు కేజీలు 120 మందికి సరిపోతాయా? తూకంలో ఫాండెంటును, బొమ్మలను కలపాలా, వద్దా? వారు చెప్పిన 4,800కి ఒప్పుకుంటే నాకు గిట్టుబాటు అవుతుందా? ఒప్పుకోకపోతే, వారు నొచ్చుకోకుండా ఆ సంగతి ఎలా చెప్పాలి? ఈ పనిలో ఎక్కువ కాలంగా ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: సైనిక్‌పురి బేకర్

అమ్మా, ధర సంగతి తర్వాత చూద్దాం. ముందు ముక్కల లెక్క తేలాలి, ఎందుకంటే మీ ఆర్డరులో అసలు చిక్కు అక్కడే ఉంది. ఎంతమందికి సరిపోతుందన్నది కేజీలను బట్టి తేలదు. కేకు పైభాగం ఎన్ని చదరపు అంగుళాలు ఉంది, ముక్క ఎంత కోస్తారు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

4 అంగుళాల ఎత్తున్న కేకుకు వేడుకల్లో సాధారణంగా పాటించే కొలత ఒక అంగుళం మందం, రెండు అంగుళాల వెడల్పు ఉన్న ముక్క. 6 అంగుళాల గుండ్రని కేకు పైభాగం సుమారు 28 చదరపు అంగుళాలు కాబట్టి కాగితం మీద 14 ముక్కలు వస్తాయి. అంచుల్లో ఒంపు వల్ల కొంత పోతుంది గనుక చేతికి వచ్చేవి 12 అనుకోండి. 8 అంగుళాలది సుమారు 50 చదరపు అంగుళాలు, అంటే 24 ముక్కలు. రెండూ కలిపి 36. మీ అతిథులు 120.

ఇక్కడే ఇంకో మాట. 8 నుంచి 10 అంగుళాలకు పెంచమని అడిగేవారు "రెండు అంగుళాలే కదా" అంటారు. వ్యాసం పెరిగినప్పుడు కేకు పెరిగేది దాని వర్గం లెక్కన. 8కి 64, 10కి 100. అంటే ఒకటిన్నర రెట్లకు పైనే సరుకు పడుతుంది, ముక్కలు కూడా 24 నుంచి 38కి పెరుగుతాయి. అలాగే 8 అంగుళాల చదరపు టిన్నులో పట్టే పిండి, అదే కొలత గుండ్రని టిన్నులో పట్టేదానికంటే నాలుగో వంతుకు పైగా ఎక్కువ. టిన్ను మార్చిన ప్రతిసారీ ధర మారాలన్నది ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

తూకం విషయానికి వస్తే, క్రీమ్ నింపిన మామూలు స్పాంజ్ అయితే 6 అంగుళాలది కేజీకి అటూ ఇటూగా, 8 అంగుళాలది కేజీ 800 గ్రాముల దగ్గరగా తూగుతుంది. గుడ్లు లేని స్పాంజ్ కాస్త దట్టంగా ఉంటుంది, గనాష్ బరువైనది. కాబట్టి మీవి ఇంకొంచెం ఎక్కువే తూగి, రెండూ కలిపి మూడు కేజీలు దాటుతాయి. పైన కప్పే ఫాండెంట్ 6 అంగుళాలదానికి అరకేజీ, 8 అంగుళాలదానికి 700 గ్రాములు దాకా పడుతుంది. అంటే మీ కస్టమరు అడిగిన నాలుగు కేజీలు త్రాసు మీద ఎలాగూ వచ్చేస్తాయి, కానీ అందులో కేజీకి పైగా ఉన్నది చక్కెర దుప్పటి. పెద్దవాళ్లలో చాలామంది దాన్ని ఒలిచి ప్లేటు అంచున పెట్టేస్తారు. అందుకే ఫాండెంటును, బొమ్మలను కేజీల్లో కలపవద్దు. కలిపితే తినే కేకు తగ్గిందని వారు నొచ్చుకుంటారు. ఫాండెంట్ పని కేజీ ధరలోనే కొట్టుకుపోతుంది కాబట్టి మీకూ లాభం లేదు.

120 మంది ఎలా అన్నది ఇప్పుడు చూద్దాం. మన దగ్గర కేకు తర్వాత బిర్యానీయో పూర్తి భోజనమో ఉంటుంది కాబట్టి 70, 80 గ్రాముల ముక్క ఎవరూ తినరు, సగం ముక్క చాలు. 4 అంగుళాల ఎత్తున్న ముక్కను నిలువునా సన్నగా చీల్చితే పడిపోతుంది. దాన్ని బల్ల మీద పడుకోబెట్టి మధ్యకు కోయాలి. అలా చేస్తే రెండు టైర్ల నుంచి 70 సగం ముక్కలు దాకా వస్తాయి. మిగతావారికి లోపల ఉంచే ట్రే కేకు ఒకటి చేయండి. 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న ట్రేలో 2 అంగుళాల ఎత్తున చేసి, ఒకటిన్నర అంగుళాల చదరాలుగా వెడల్పున 6, పొడవున 8 కోస్తే 48 ముక్కలు, ఒక్కొక్కటి సుమారు 40 గ్రాములు. దాని మీద అలంకరణ అక్కర్లేదు, అదే చాక్లెట్ రుచి ఉండి పైన ఒక పొర క్రీమ్ ఉంటే చాలు. స్టేజీ మీద ఫొటోలకు నిలబడేది టైర్ల కేకు. ట్రే వంటగదిలోనే ముక్కలై ప్లేట్లలోకి వస్తుంది.

ఒక హెచ్చరిక. హాల్లో కేకు కోసేది మీరు కాదు, క్యాటరింగ్ కుర్రాళ్లు. వాళ్లకు అలవాటైన పద్ధతిలో మధ్య నుంచి త్రికోణాలుగా కోస్తే 8 అంగుళాల కేకు పన్నెండు, పద్నాలుగు ముక్కలకే అయిపోతుంది, తర్వాత "కేకు చాలలేదు" అన్న మాట మీ మీదకు వస్తుంది. గుండ్రని కేకును ముందు అడ్డంగా అంగుళం పట్టీలుగా కోసి, తర్వాత ఒక్కో పట్టీని ముక్కలు చేయాలని బొమ్మ గీసిన కాగితం డబ్బా మూతకు అంటించండి. టైర్ల మధ్య ఆధారంగా పెట్టిన కడ్డీలు ఎన్ని, ఎక్కడ ఉన్నాయో కూడా అందులోనే రాయండి. ఏడాది బాబు వేడుక కాబట్టి బొమ్మల లోపల టూత్‌పిక్కులు వద్దు. తల నిలబడటానికి పచ్చి స్పగెట్టీ పుల్ల చాలు.

జవాబు: కూకట్‌పల్లి లెక్కలు

సైనిక్‌పురి వారు చెప్పిన తూకం లెక్కతో ఏకీభవిస్తున్నాను. నేను పదార్థాల జోలికి పోకుండా రూపాయల గురించి మాత్రమే చెబుతాను.

కస్టమరు ఇస్తానన్నది 4,800. సరుకులు 2,800. బోర్డు, డబ్బా, ఆధారాలు, కరెంటు, టిన్నులు, మిక్సరు అరుగుదల అన్నీ కలిపి ఈ పరిమాణం కేకుకు 600 వేసుకోవడం ఎక్కువేమీ కాదు. మీ చేతిలో మిగిలేది 1,400. దాన్ని 15 గంటలకు పంచితే గంటకు 93 రూపాయలు. అందులో లాభం అన్నమాట లేదు, అది పూర్తిగా కూలి మాత్రమే, అదీ తక్కువ కూలి.

నేను ఎలా లెక్క వేస్తానంటే, పనిని రెండుగా విడదీస్తాను. పిండి కలపడం, కాల్చడం, గనాష్ చేయడం, పొరలు నింపడం, గిన్నెలు కడగడం ఒక రకం. ఈ పనికి ఇంకొకరిని పెట్టుకుంటే ఏమి ఇస్తామో అది వేయాలి. బొమ్మలు, కప్పడం, పేరు రాయడం రెండో రకం. ఇది చేతి నేర్పు, దీనికి ఎక్కువ ఉండాలి. మీ 15 గంటల్లో 7 గంటలు మొదటి రకానికి 150 చొప్పున 1,050, మిగతా 8 గంటలు రెండో రకానికి 300 చొప్పున 2,400 అనుకుందాం. సరుకులు 2,800, ఇతర ఖర్చులు 600 కలిపితే 6,850. దాని మీద 20 శాతం లాభం 1,370. మొత్తం 8,220. గంట కూలి ఎంత అన్నది మీ ఇష్టం, మీ చేతి నేర్పును బట్టి మార్చుకోండి. కానీ కూలి, లాభం అనే రెండు గడులను కలిపేయవద్దు. కూలి మీరు చేసిన పనికి వచ్చేది. లాభం రేపు ఓవెన్ చెడిపోయినా, ఒక ఆర్డరు రద్దయినా వ్యాపారం నిలబడటానికి ఉండాల్సింది.

సరుకుల లెక్కలో చాలామంది వదిలేసే ఖర్చు ఒకటి ఉంది. ఈ ఆర్డరు కోసమే కొని, మిగిలితే మరెక్కడా వాడని రంగు గానీ, అచ్చు గానీ ఉంటే దాని పూర్తి ధర ఈ కేకు మీదే వేయాలి. మైదా, పంచదార, కోకో లాంటివి ఎంత వాడితే అంతే వేయవచ్చు. బేగంబజారులో టోకున కొన్నవాటికి కూడా వెళ్లిరావడానికి అయిన ఖర్చు కలపాలి. లేకపోతే చవకగా కొన్నామన్న సంతోషమే మిగులుతుంది. వెన్న, చాక్లెట్ ధరలు స్థిరంగా ఉండవు గనుక ధరల పట్టిక నెలకోసారి తిరగరాయడం మంచిది.

ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి కేకుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి "మీరూ తగ్గించండి" అని అడిగేవారు ఉన్నారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివారు ఆ పన్నును ఎప్పుడూ వసూలు చేయలేదు, చేయకూడదు కూడా. వసూలే చేయనిదాన్ని తగ్గించే ప్రశ్న రాదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కింద చేయించుకోవాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ వేరే సంగతి. ఇంట్లో చేసి అమ్మేవారికీ అది తప్పదు. ఆ రుసుమునూ ఏడాది ఖర్చుల్లో వేసుకోండి.

జవాబు: మెహిదీపట్నం కేక్స్

పై లెక్కలు సరైనవే, కానీ "నా గంటకు 300" అని మన ఊళ్లో కస్టమరుకు చెబితే రెండో మాట వినరు. ఫోన్ ఎత్తగానే అడిగేది "కేజీ ఎంత?" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ముక్కల లెక్క, చదరపు అంగుళాల లెక్క మొదలుపెడితే ఇంకొకరికి ఫోన్ చేస్తారు. అందువల్ల కేజీ ధరను వదలవద్దని నా అభిప్రాయం. కేజీ ధరలో ఏముందో, ఏమి లేదో మాత్రం విడదీసి చెప్పాలి.

బంగారు నగ కొనేటప్పుడు గ్రాము ధర వేరు, మజూరీ వేరు, తరుగు వేరు అని మన ఇళ్లలో తెలియనివారు లేరు. నేను అదే చెబుతాను: "కేజీ ధర కేకుకండీ, పైన పనికి మజూరీ వేరుగా ఉంటుంది." ఆ ఒక్క మాటతో చాలా బేరాలు తగ్గిపోతాయి, ఎందుకంటే మజూరీ అనగానే అది డిజైన్‌ను బట్టి మారుతుందని వారికే తోస్తుంది.

మీ ఆర్డరుకు నేనైతే ఇలా రాసి పంపుతాను. గుడ్లు లేని చాక్లెట్ కేకు మూడు కేజీలు, కేజీ 1,000 చొప్పున 3,000. ఫాండెంట్ కప్పడానికి కింది టైరుకు 1,000, పై టైరుకు 700. చేత్తో చేసే జంతువులు మూడు, ఒక్కొక్కటి 600 చొప్పున 1,800. ఆకులు, గడ్డి, పేరు కలిపి 800. బోర్డు, ఆధారాలు, డబ్బా 500. మొత్తం 7,800, హాలుకు చేర్చడం అదనం. కూకట్‌పల్లి వారి 8,220కి ఇది దగ్గరగానే ఉందని గమనించండి. దారి వేరైనా ఇద్దరం చేరింది ఒక్కచోటికే. తేడా ఏమిటంటే ఇందులో మీ గంటలు ఎక్కడా కనబడవు.

ఇలా విడదీయడం వల్ల ఇంకో సౌకర్యం ఉంది. "ఎక్కువైంది, తగ్గించండి" అన్నప్పుడు అదే పనికి ధర తగ్గించకుండా పనినే తగ్గించవచ్చు. జిరాఫీని బొమ్మగా కాకుండా ఫాండెంట్ మీద చదునుగా కత్తిరించి అతికిస్తే 600 నుంచి 200కి వస్తుంది. ఆకుల బదులు తినదగిన కాగితం మీద ముద్రించిన బొమ్మలు పెట్టవచ్చు. పై టైరును థర్మాకోల్‌తో చేయమని కొందరు అడుగుతారు, సగం ధర తగ్గుతుందని వారి ఊహ. దానిలో మిగిలేది స్పాంజ్, గనాష్ ఖర్చు మాత్రమేననీ, ఫాండెంట్, కప్పే పని, అలంకరణ అంతే ఉంటాయనీ ముందే చెప్పండి. మీ కస్టమరుకు ముక్కలు అసలే తక్కువ కాబట్టి థర్మాకోల్ ఇక్కడ పనికిరాదు కూడా.

అడ్వాన్సు సగం తీసుకోకుండా బొమ్మలు మొదలుపెట్టవద్దు. రంగు, పేరు అక్షరాలు, ముక్కల సంఖ్య, అందించే వేళ అన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉండాలి. పేరులో దీర్ఘం పోయినందుకు గొడవపడిన వారు చాలామంది.

సైనిక్‌పురి బేకర్

మెహిదీపట్నం వారి పద్ధతి బాగుంది, ఒక్కచోట తప్ప. కేకు మూడు కేజీలని రాస్తే, వారు ఇంటికి వెళ్లి త్రాసు మీద పెట్టరు గానీ, "మూడు కేజీలు 30 మందికే" అనో "60 మందికి" అనో ఎవరి లెక్క వారు వేసుకుంటారు. కేజీల పక్కనే ముక్కల సంఖ్య కూడా రాయాలి. పలుచని క్రీమ్ కేకు కేజీ చూడటానికి పెద్దగా ఉంటుంది, గనాష్ దట్టంగా నింపిన ట్రఫుల్ కేకు కేజీ చిన్నగా ఉంటుంది. కేజీ ఒకటే అయినా పళ్లెంలో పడే ముక్కలు ఒకటి కావు.

ఉప్పల్ వంటిల్లు

అందరికీ ధన్యవాదాలు. మెహిదీపట్నం వారు చెప్పినట్లు విడదీసి, సైనిక్‌పురి వారు చెప్పినట్లు ముక్కల సంఖ్యతో సహా రాసి పంపాను. వారికి మొదట 7,800 ఎక్కువగా అనిపించింది. నాలుగు కేజీల్లో కేజీకి పైగా ఫాండెంటే ఉంటుందని, టైర్లు రెండూ సగం ముక్కలుగా కోసినా 70 మందికే వస్తాయని చెప్పాక ఆలోచించుకుని మళ్లీ ఫోన్ చేశారు. జిరాఫీని చదునుగా చేయమన్నారు, మిగతావి అలాగే ఉంచమన్నారు. ట్రే కేకు కావాలని వారే అడిగారు. దాని ధర ఎలా చెప్పాలి? అలంకరణ లేదు కాబట్టి బాగా తగ్గించమంటున్నారు. గుడ్లు లేని కేకుకు అదనంగా ఎందుకు తీసుకుంటున్నారని కూడా అడిగారు.

కూకట్‌పల్లి లెక్కలు

ట్రేకు మీ మామూలు క్రీమ్ కేకు ధరే వేయండి, అంతకంటే తగ్గించవద్దు. మజూరీ లేకపోవడమే అక్కడ ఉన్న తగ్గింపు. కేజీ 800 అనుకుంటే, రెండు కేజీల 100 గ్రాముల ట్రేకు 1,680 అవుతుంది. 48 ముక్కలకు పంచితే ముక్క 35 రూపాయలు. ట్రే విషయంలో మాత్రం కేజీల మాట ఎత్తకుండా "ముక్క 35" అని చెప్పండి. క్యాటరింగ్‌లో ప్లేటు లెక్కకు అలవాటుపడినవారు కాబట్టి వెంటనే అర్థమవుతుంది.

గుడ్లు లేనిదానికి అదనం న్యాయమే. గుడ్ల స్థానంలో కండెన్స్‌డ్ మిల్కో, పెరుగో, పాలలో వెనిగరో వాడతాం. కండెన్స్‌డ్ మిల్క్ వాడే పద్ధతిలో ఖర్చు గుడ్ల కంటే స్పష్టంగా ఎక్కువ. పెరుగు పద్ధతిలో అంత తేడా రాదు. మీరు ఏది వాడుతున్నారో దాన్ని బట్టి అడగండి, ఊరికే అందరూ తీసుకుంటున్నారని వేయకండి.

మెహిదీపట్నం కేక్స్

ఎండాకాలం కాకపోతే ఉప్పల్ నుంచి నాగోల్ దగ్గరే కాబట్టి పెద్ద భయం లేదు. అయినా రెండు టైర్లను బైకు మీద పంపవద్దు. కారులో సీటు మీద కాకుండా కింద చదునుగా ఉన్నచోట పెట్టి, దారిలో ఏసీ వేయించండి. వీలైతే టైర్లను విడిగా తీసుకెళ్లి హాల్లోనే ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఫాండెంట్ కప్పిన కేకును ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా వేడిలోకి తెస్తే పైన తడి చేరి మెరుస్తుంది, రంగులు కారుతాయి. డబ్బా మూసి ఉంచే బయట చల్లదనం తగ్గనివ్వాలి. ట్రే మీద ఉన్నది క్రీమ్ కాబట్టి దాన్ని మాత్రం భోజనాల వేళ దాకా హాలు వంటగది ఫ్రిజ్‌లోనే ఉంచమనండి. వారి ఫ్రిజ్‌లో 9, 13 అంగుళాల ట్రే పట్టే చోటు ఉందో లేదో ఒకరోజు ముందే హాలు మేనేజరును అడిగి తెలుసుకోండి.